క్యాంపు గేటు దాటిన మాట

క్యాంపులో కబురు ఎలా తిరుగుతుందో మీకు మేము కొత్తగా చెప్పనక్కరలేదు. పొద్దున్నే బాత్రూం లైనులో పుడుతుంది. మెస్సులో పెరుగుతుంది. సైటు బస్సు ఎక్కేసరికి దానికి కాళ్ళు, చేతులు, తోక అన్నీ వచ్చేస్తాయి. "అన్నా, ఈ నెల జీతం పడదట." "వీసా రెన్యువల్ ఆపేశారట." "యాభై మందిని వెనక్కి పంపుతున్నారట." అన్నీ 'అట'లే. ఎవరు చెప్పారంటే పక్క రూమువాళ్ళు. వాళ్ళకెవరు చెప్పారంటే డ్రైవరు. ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. ఇంటికి ఫోను చేస్తే ఏం చెప్పాలో తోచదు.

యూనియన్ శాఖకి చాలా పనులుంటాయి. జీతాల బేరం, ఓవర్‌టైం లెక్కలు, ప్రమాదం జరిగితే నష్టపరిహారం. వీటన్నిటికీ ముందు ఇంకో పని ఉందని మా నమ్మకం. ఈ 'అట'ను తీసేసి, 'అవును' అనో 'కాదు' అనో తమ సభ్యుడికి చెప్పగలగడం. ఆ తర్వాతది, గేటు లోపలి నిజాన్ని గేటు బయట ఉన్న పేపర్లకీ టీవీలకీ చేర్చడం. ఈ రెండూ ఎలా చేస్తారు, ఏది ముందు, ఏది వెనక అన్నదే ఈ వారం మేము చెప్పదలచుకున్నది. ఇందులో పొరపాటు జరిగితే ఏమవుతుందో అమెరికాలో మన దేశంవాళ్ళే అనుభవించారు. పొరపాటు దిద్దుకుంటే ఏమవుతుందో కూడా వాళ్ళే చూపించారు.

పాస్కగూలాలో మనవాళ్ళు

2005 ఆగస్టులో కత్రినా తుపాను అమెరికా దక్షిణ తీరాన్ని ఊడ్చేసింది. సముద్రంలో చమురు తీసే రిగ్గులు పాడయ్యాయి. వాటిని బాగుచేసే కంపెనీల్లో సిగ్నల్ ఇంటర్నేషనల్ ఒకటి. దానికి మిసిసిపి రాష్ట్రంలోని పాస్కగూలాలో, టెక్సస్ రాష్ట్రంలోని ఆరెంజ్‌లో యార్డులుండేవి. 2006 చివరి నుంచి ఆ కంపెనీ మన దేశం నుంచీ, గల్ఫ్‌లో పనిచేస్తున్న మనవాళ్ళలోంచీ దాదాపు 500 మంది వెల్డర్లను, పైప్ ఫిట్టర్లను తీసుకుపోయింది. ఎక్కువమంది మలయాళీలు, తమిళులు. తెలుగువాళ్ళు, ఉత్తరాదివాళ్ళు కూడా ఉన్నారు.

ఏజెంట్లకి, లాయరుకి కలిపి ఒక్కొక్కరు 10,000 నుంచి 20,000 డాలర్లు కట్టారు. కొందరు అంతకంటే ఎక్కువే కట్టారు. అప్పటి లెక్కలో నాలుగున్నర లక్షల నుంచి తొమ్మిది లక్షల రూపాయలు. పొలం అమ్మినవాళ్ళు, ఇల్లు తాకట్టు పెట్టినవాళ్ళు, వడ్డీకి తెచ్చినవాళ్ళు ఉన్నారు. గ్రీన్ కార్డు వస్తుంది, పెళ్ళాం పిల్లల్ని తెచ్చుకోవచ్చు అన్నారు. చేతికిచ్చింది మాత్రం హెచ్-2బి వీసా. అది కొన్ని నెలలకే చెల్లేది. ఒక్క యజమానికే కట్టేసి ఉంటుంది. పేరు అమెరికాదైనా, కఫాలా తెలిసినవాళ్ళకి దాని రుచి వెంటనే తెలుస్తుంది.

ఉండటానికి యార్డులోనే క్యాంపు. ఒక ట్రైలర్‌లో 24 మంది దాకా మంచాల మీద మంచాలు. చుట్టూ కంచె, గేటు దగ్గర గార్డులు. దీనికి జీతంలోంచి రోజుకి 35 డాలర్లు కోత. నెలకి 1,050 డాలర్లు. బయట గది తీసుకుంటామంటే, తీసుకోండి గానీ కోత ఆగదన్నారు. మీలో చాలామంది ఇంతకంటే ఇరుకులో ఉన్నారని మాకు తెలుసు. కానీ బాడుగ అంటూ నెలకి నలభై ఏడు వేల రూపాయలు మీ దగ్గర ఎవరైనా లాక్కున్నారా?

మొదటి మార్చి

మనవాళ్ళు ఊరుకోలేదు. వాళ్ళలో ఒకాయన న్యూ ఆర్లియన్స్‌లో కార్మికుల కోసం పనిచేస్తున్న సాకేత్ సోనీ అనే యువకుడికి అర్ధరాత్రి ఫోను చేశాడు. సోనీది ఢిల్లీ. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వాళ్ళతోనే నడిచి, 2023లో ఆ కథంతా పుస్తకంగా రాశాడు. ఆ ఫోను తర్వాత క్యాంపు బయట సమావేశాలు మొదలయ్యాయి. వీసా గురించి, కోతల గురించి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు.

ఇక్కడే తేడా కొట్టింది. సమావేశాల కబురు తమ మనుషులందరికీ సరిగ్గా చేరకముందే కంపెనీకి చేరిపోయింది. ముందు నిలబడి మాట్లాడేవాళ్ళెవరో యాజమాన్యానికి తెలుసు. వాళ్ళకేమైనా అయితే మిగతావాళ్ళు ఏం చేయాలో మాత్రం ఎవరూ అనుకోలేదు. 2007 మార్చి 9న ఇంకా తెల్లవారకముందే గార్డులు వచ్చి కొందరిని లేపి ఒక గదిలో కూర్చోబెట్టారు. ఇండియా పంపేస్తున్నాం, సామాను సర్దుకోండి అన్నారు. అందులో ఒక పైప్ ఫిట్టరు, ఊళ్ళో అప్పు గుర్తొచ్చి, తన ప్రాణం తానే తీసుకోబోయాడు. ఆసుపత్రికి తీసుకుపోయి బతికించారు. వార్త బయటికి పొక్కింది. గేటు దగ్గర జనం చేరారు. మిగతావాళ్ళని విమానం ఎక్కించడం కంపెనీ వల్ల కాలేదు. అయితే ఆ రోజు గేటు దాటిన మాట రక్తం తోనే దాటింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. సరిగ్గా ఆ వారమే, అదే పాస్కగూలాలో, ఇంగాల్స్ అనే పెద్ద ఓడల యార్డులో దాదాపు ఏడు వేల మంది అమెరికన్ కార్మికులు సమ్మె చేస్తున్నారు. వాళ్ళకి యూనియన్ శాఖలున్నాయి. గేటు గేటుకీ ప్లకార్డులు పట్టుకుని వంతుల వారీగా నిలబడ్డారు. యాజమాన్యం ఇచ్చిన ఒప్పందం మీద ఓటేశారు, కాదన్నారు. నెల తిరగకుండా మళ్ళీ ఓటేసి ఏప్రిల్ మొదట్లో పనిలోకి వెళ్ళారు. ఒకే ఊరు. ఒకే వెల్డింగు పని. ఒక యార్డు దగ్గర ఏం జరుగుతోందో ప్రతి మనిషికీ తెలుసు, రేపు ఏం చేయాలో కూడా తెలుసు. ఇంకో యార్డులో తెల్లవారుజామున తలుపు కొడితే ఎవరికి ఫోను చేయాలో తెలియదు. ఎవరి ధైర్యం ఎంతన్నది వేరే విషయం. ఇక్కడ లేనిది మాత్రం కబురు నడిచే దారి.

రెండో మార్చి

తర్వాత ఏడాదిలో మనవాళ్ళు చేసింది ఆ దారి వేసుకోవడమే. అది యూనియన్ కాదు. వీసా మీద వచ్చినవాళ్ళు తమకు తాముగా కట్టుకున్న సంఘం. న్యూ ఆర్లియన్స్‌లోని వర్కర్స్ సెంటర్ వెనక నిలబడింది. పని తీరు మాత్రం మంచి యూనియన్ శాఖ పని తీరే. ఇన్ని భాషలవాళ్ళున్నచోట ఒక్క హిందీలో చెప్పి వదిలేస్తే సగం మందికి అందదు. అందినవాళ్ళు మిగతా సగానికి తమకు తోచినట్టు చెబుతారు. మళ్ళీ 'అట' పుడుతుంది. కాబట్టి ఏ భాషవాళ్ళకి ఆ భాషలో, మనిషి మనిషికీ చెప్పుకోవాలి. చట్టం ఏమంటుంది, వీసా పోతే ఏమవుతుంది, మనుషుల అక్రమ రవాణా బాధితులకి అమెరికా చట్టంలో ఉన్న టి-వీసా అంటే ఏమిటి, అది వస్తుందని గ్యారంటీ ఉందా లేదా, అన్నీ.

ఆ చివరి ప్రశ్న ముఖ్యం. గ్యారంటీ లేదు. గ్రీన్ కార్డు అని ఏజెంటు చెప్పిన అబద్ధంతో మోసపోయినవాళ్ళకి సంఘం కూడా తీపి మాటలే చెబితే ఇద్దరికీ తేడా ఏముంది? కష్టమైన సంగతిని కష్టంగానే చెప్పి, ఆ తర్వాత కూడా వస్తానన్నవాళ్ళతోనే నడవాలి.

2008 మార్చి 6న దాదాపు వంద మంది పాస్కగూలా యార్డులోంచి బయటికి నడిచారు. గేటు దగ్గర తమ హెల్మెట్లు తీసి కింద పడేశారు. పత్రికలవాళ్ళు అక్కడే ఉన్నారు. అమెరికా న్యాయశాఖకి ఫిర్యాదు సిద్ధంగా ఉంది. ఆ నెలలోనే న్యూ ఆర్లియన్స్ ఫెడరల్ కోర్టులో దావా పడింది. ఆ వరస గమనించండి. ముందు మనుషులు, తర్వాత కాగితం, తర్వాత కెమెరా. ఏడాది కిందట కంపెనీ రోజు ఎంచుకుంది, వీళ్ళు ఇరుక్కుపోయారు. ఈసారి రోజు ఎంచుకున్నది వీళ్ళు. కంపెనీ ఏమీ చేసేలోగా గేటు ముందు విలేకరులు ఉన్నారు.

హెల్మెట్లు పడేయడం గురించి ఒక మాట. వంద మంది ఇంగ్లీషులో వంద రకాలుగా చెప్పుకునేదాన్ని ఆ ఒక్క పని చెప్పింది. అందులో తిట్టు లేదు, రాయి లేదు. ఎవరి భాష రాకపోయినా చూసినవాడికి అర్థమవుతుంది.

మార్చి 18న న్యూ ఆర్లియన్స్ నుంచి వాషింగ్టన్‌కి బయల్దేరారు. కొంత నడక, కొంత బస్సు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు సత్యాగ్రహం. ఇండియా నుంచి వచ్చిన మనుషులు ఆ పేరు చెబితే అమెరికా విలేకరికి గాంధీ గుర్తొస్తాడు, ఆ వెనకే మార్టిన్ లూథర్ కింగ్ గుర్తొస్తాడు. వాషింగ్టన్‌లో మన రాయబారిని కలిశారు. మే 14న వైట్ హౌస్ ఎదుట నిరాహార దీక్షకి కూర్చున్నారు. 29 రోజులు సాగింది. ఒకరు నీరసించి ఆపితే ఇంకొకరు కూర్చున్నారు. జూన్ 11న న్యాయశాఖ కార్యాలయం ముందు విరమించారు.

దీక్ష ముగిసిన రోజున ఏమీ చేతికి రాలేదు, ఇది దాచకూడదు. కెమెరాలు వెళ్ళిపోయాయి. టీవీవాళ్ళకి రోజుకో కొత్త వార్త కావాలి, కోర్టుకి ఏళ్ళు కావాలి. ఆ మధ్యకాలమే ఏ సంఘానికైనా అసలు పరీక్ష. సభ్యులు ఉద్యోగం కోసం రాష్ట్రాలకి రాష్ట్రాలు చెదిరిపోతారు, ఫోను నంబర్లు మారతాయి, ఊళ్ళో అప్పులవాళ్ళు ఇంటి ముందు కూర్చుంటారు. అప్పుడు నెలకోసారైనా "కేసు ఇక్కడిదాకా వచ్చింది" అని చెప్పే మనిషి ఉండాలి. పేపర్లో ఫొటో పడకపోయినా ఫర్వాలేదు, ఈ ఫోను రాకపోతే మాత్రం మనుషులు జారిపోతారు.

ఏడేళ్ళు పట్టింది. 2015 ఫిబ్రవరి 18న న్యూ ఆర్లియన్స్ జ్యూరీ ఐదుగురు కార్మికులకి మొత్తం ఒక కోటి నలభై లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. మోసం, బలవంతపు పని, వివక్ష జరిగాయని తేల్చింది. అదే ఏడాది జులైలో సిగ్నల్ దివాలా పిటిషన్ వేసింది. మిగతా దావాలన్నిటికీ కలిపి రెండు కోట్ల డాలర్లకి రాజీకొచ్చింది. కంపెనీ పెద్ద క్షమాపణ చెప్పాడు. డిసెంబరులో ఉద్యోగాల్లో వివక్షను విచారించే ప్రభుత్వ కమిషన్ వేసిన కేసులో 476 మందికి మరో యాభై లక్షల డాలర్ల రాజీ కుదిరింది. చాలామందికి ఆలోపే టి-వీసాలు వచ్చాయి, కుటుంబాలు చేరాయి.

మెంఫిస్ పాకీవాళ్ళ లోకల్ నంబరు

అమెరికాలో యూనియన్ శాఖని 'లోకల్' అంటారు. ప్రతిదానికీ ఒక నంబరుంటుంది. మెంఫిస్ నగరంలో చెత్త ఎత్తే కార్మికుల శాఖ నంబరు 1733. ఆ నంబరు ఊరికే రాలేదు. 1963లో సంఘం పెట్టబోయినందుకు 33 మంది పని పోగొట్టుకున్నారు. వాళ్ళ గుర్తుగా చివర 33 పెట్టుకున్నారు. కొత్తగా చేరినవాడు "ఈ నంబరేంటి?" అని అడిగితే చాలు, సంఘం చరిత్రంతా చెప్పినట్టే. సభ్యుడితో మాట్లాడటానికి ఇంతకంటే చవకైన పద్ధతి మాకు తోచడం లేదు.

1968 ఫిబ్రవరి 1న వాన పడుతోంది. నల్లజాతి పనివాళ్ళకి తలదాచుకునే చోటు లేదు. ఇద్దరు చెత్త లారీ వెనక తొట్టిలోకి ఎక్కారు. యంత్రం కదిలి ఇద్దరినీ నలిపేసింది. ఫిబ్రవరి 12న దాదాపు 1,300 మంది పని మానేశారు. నగరంలోని రెండు దినపత్రికలూ వాళ్ళ వైపు లేవు. అప్పుడు లోకల్ ఏం చేసిందంటే, రోజూ మధ్యాహ్నం ఒక యూనియన్ హాలులో అందరినీ కూర్చోబెట్టింది. సాయంత్రాలు చర్చిల్లో సభలు. నిన్న ఏం జరిగింది, మేయరు ఏమన్నాడు, డబ్బు ఎంత పోగైంది, బియ్యం పప్పులు ఎవరికి అందలేదు అన్నది రోజూ ముఖాముఖి. పొద్దున పేపరు రాసిన అబద్ధం మధ్యాహ్నానికి చచ్చిపోయేది. ఆ రెండు పేపర్లనీ కొనకండని ఊళ్ళో పిలుపు కూడా ఇచ్చారు.

మేయరు హెన్రీ లోబ్ ఒక ఎత్తు వేశాడు. చర్చలు పత్రికలవాళ్ళ ముందే జరగాలన్నాడు. వినడానికి ఎంతో బాగుంటుంది, దాచేదేముందని. కానీ కెమెరా ముందు ఎవడూ ఒక మెట్టు దిగడు. దిగితే రేపు పేపర్లో ఓడిపోయాడని వస్తుంది. బేరం అన్నది తలుపు వేసుకుని చేసేది, తలుపు తీశాక సభ్యులకి ఉన్నదున్నట్టు చెప్పేది. ఈ రెండూ కలిపేస్తే చిక్కే.

బయటివాళ్ళకి వాళ్ళు చెప్పిన మాట ఒక్కటే. అట్ట మీద, పెద్ద అక్షరాల్లో, 'నేను మనిషిని' అని. జీతం సెంట్ల లెక్క లేదు, డిమాండ్ల పట్టిక లేదు. తెల్లవాళ్ళు తమను వయసుతో పనిలేకుండా 'బాయ్' అని పిలిచే ఊళ్ళో ఆ మాటకి ఎంత బరువుందో అందరికీ తెలుసు. మార్చి 28న వందలమంది ఆ అట్టలతో వరసగా నిలబడిన ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఏప్రిల్ 4న ఆ ఊళ్ళోనే మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. ఏప్రిల్ 16న నగరం యూనియన్‌ని గుర్తించి ఒప్పందం చేసుకుంది.

ఆ ఫొటో తీసిన ఎర్నెస్ట్ విదర్స్ నల్లజాతివాడే, ఉద్యమంలో అందరికీ కావలసినవాడే. ఆయన ఎఫ్‌బీఐకి సమాచారం ఇచ్చేవాడని 2010లో బయటపడింది. బయటపెట్టింది కూడా మెంఫిస్ దినపత్రికే, ఒకప్పుడు వాళ్ళు కొనవద్దన్న దాంట్లో ఒకటి. ఫొటో నిజమైనది, మేలు చేసింది. తీసినవాడు లోపల కూర్చుని విన్నవి వేరేచోట చెప్పాడు. కాబట్టి విలేకరిని గౌరవించండి, టీ ఇవ్వండి. కమిటీ గదిలో మాత్రం కూర్చోబెట్టకండి. పత్రిక నడిపేవాళ్ళం కనుక ఈ మాట మేమే చెప్పడం మంచిది.

బొమ్మలు, రేడియోలు

చదువు రానివాళ్ళున్నచోట కాలిఫోర్నియా ద్రాక్షతోటల కూలీలు ఇంకో దారి పట్టారు. 1964 చివర్లో డెలానో ఊళ్ళో సీజర్ చావెజ్ సంఘం 'ఎల్ మాల్‌క్రియాడో' అనే పత్రిక మొదలుపెట్టింది. అందులో బొమ్మల్లో ముగ్గురు కనపడేవారు. ఒకడు అన్నీ భరించే కూలీ డాన్ సొటాకో. ఒకడు లావుపాటి యజమాని. మూడోవాడు డాన్ కొయోటె, అంటే నక్కలాంటి కూలీ కాంట్రాక్టరు. మన భాషలో ఏజెంటు. అక్షరం రాకపోయినా ఆ నక్క ఎవరో ప్రతి కూలీకీ తెలుసు. ఆ నవ్వులోనే సగం భయం పోయేది. ఏడాది తిరగకుండా, 1965 సెప్టెంబరులో పెద్ద సమ్మె మొదలైంది. దాన్ని ముందు మొదలుపెట్టింది ఫిలిప్పీన్స్ కూలీలు. వారం తర్వాత మెక్సికన్ కూలీల సంఘం ఓటేసి చేరింది.

న్యూయార్క్ టాక్సీ డ్రైవర్లకి కూర్చునే హాలే లేదు. ఎవరి కారు వాళ్ళది. పంజాబీలు, పాకిస్తానీలు, బంగ్లాదేశీలు కార్లలోని సీబీ రేడియోల్లో తమ తమ భాషల్లో కబుర్లాడుకునేవారు. 1998లో భైరవి దేశాయ్ ముందుండి కట్టిన టాక్సీ వర్కర్స్ అలయన్స్ ఆ కబుర్ల మీదుగానే సమ్మె మాట నడిపింది. విమానాశ్రయాల దగ్గర కార్లు వరసలో ఆగేచోట, డ్రైవర్లు తినే హోటళ్ళలో కరపత్రాలు పంచారు. ఆ మే 13న పసుపు కార్లు రోడ్డు మీద దాదాపు కనపడలేదు. నగరమే విస్తుపోయింది. విలేకరులకి ఎవరూ ముందు చెప్పనక్కరలేకపోయింది, కిటికీలోంచి చూస్తే చాలు.

ఫ్లోరిడాలో టమాటా కోసే కూలీలు ఇమ్మొకాలీ అనే ఊళ్ళో 2003లో సొంత రేడియో పెట్టుకున్నారు. ఊరు దాటి పెద్దగా వినపడని చిన్న స్టేషను. స్పానిష్‌లోనే కాక గ్వాటెమాలా కొండజాతుల భాషల్లోనూ మాట్లాడుతుంది. పాటలు వేస్తారు, మధ్యలో కూలి రేట్లు చెబుతారు, తుపాను వస్తే ఎక్కడికి పోవాలో చెబుతారు. పాట కోసం పెట్టినవాడికి హక్కు కూడా వినపడుతుంది.

మామూలు రోజుల్లో

సమ్మెలు, దీక్షలు ఎప్పుడో గానీ రావు. లోకల్ బతికేది మామూలు రోజుల్లో. ప్రతి షాపులో ఒక స్టీవార్డ్ ఉంటాడు. అతనూ మీతో పాటు వెల్డింగు చేసేవాడే. ఫోర్‌మన్‌తో గొడవైతే మొదట వెళ్ళేది అతని దగ్గరికే. యాజమాన్యం విచారణకి పిలిస్తే, దానివల్ల శిక్ష పడుతుందేమోనన్న అనుమానముంటే, యూనియన్ మనిషిని పక్కన కూర్చోబెట్టుకునే హక్కుందని అమెరికా సుప్రీంకోర్టు 1975లో చెప్పింది. నోటీసు బోర్డు ఉంటుంది. నెలకోసారి సభ, కిందటి సభ మినిట్స్ చదవడం, లెక్కలు చెప్పడం. ఒప్పందం కాపీ అడిగిన కార్మికుడికి ఇచ్చి తీరాలి. లోకల్ నాయకులకి కనీసం మూడేళ్ళకోసారి రహస్య ఓటు జరగాలి. ఏడాది లెక్కలు ప్రభుత్వానికి ఇవ్వాలి, ఎవరైనా చూడొచ్చు. ఒప్పందం కాపీ, రహస్య ఓటు, ఏడాది లెక్కలు, ఈ మూడూ 1959 నాటి చట్టం పెట్టిన షరతులు. అంటే సభ్యుడితో మాట్లాడటం నాయకుడి దయ కాదు, చట్టం.

ఇదంతా విని అమెరికా లోకల్స్ అన్నీ బంగారమని మేము అనడం లేదు. సభకి పది మంది రాని లోకల్స్ ఉన్నాయి, ఇంగ్లీషు తప్ప ఇంకో భాష ముట్టనివీ ఉన్నాయి. ఇంగాల్స్ యార్డు పక్కనే మన వెల్డర్లు అలా ఇరుక్కుని ఉన్నా ఆ సంగతి చాలామందికి ఆలస్యంగానే తెలిసింది.

మీకు ఇది ఎంతవరకు పనికొస్తుంది

చదివేవాళ్ళలో గల్ఫ్ క్యాంపుల్లో ఉన్నవాళ్ళు జాగ్రత్తగా వినాలి. యూఏఈలో, సౌదీలో యూనియన్లకి చోటు లేదు. ఖతార్‌లో బయటివాళ్ళు యూనియన్ పెట్టుకోలేరు. బహ్రెయిన్‌లో 2002 నుంచి యూనియన్లున్నాయి, వలస కార్మికులూ చేరవచ్చు. పాస్కగూలాలో చేసినట్టు మీ గేటు ముందు చేయండని మేము అనం. అంటే అది మిమ్మల్ని జైలుకి పంపడమే. అయితే కబురు నడిపే పద్ధతికి, దాన్ని నిలబెట్టే కాగితానికి ఏ దేశమైనా ఒకటే. జీతం స్లిప్పు, కోతల లెక్క, ఏజెంటుకి కట్టిన డబ్బు రసీదు, ఒప్పందం కాపీ, ఇవి ఫోనులో ఫొటో తీసి ఇంటికి పంపి ఉంచండి. మోసపోయామని వంద మంది ఏడిస్తే విలేకరి అయ్యో అంటాడు. రోజుకి 35 డాలర్ల కోత ఉన్న ఒక్క స్లిప్పు చూపిస్తే వార్త రాస్తాడు. రాయబార కార్యాలయానికైనా, 2015లో కేంద్రం పెట్టిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు వేసేటప్పుడైనా మీ దగ్గర చూపించడానికి ఉండేది ఆ కాగితమే.

ఇప్పుడు అందరి చేతుల్లో వాట్సాప్ ఉంది. గ్రూపు పెట్టడం నిమిషం పని. కానీ రెండు వందల మంది గ్రూపులో ఫోర్‌మన్ బావమరిది కూడా ఉంటాడు. ఎవడో కోపంలో పెట్టిన వాయిస్ మెసేజి రాత్రికి ఆఫీసులో వినపడుతుంది. బాత్రూం లైనులో 'అట' అయినా ఒకరి నుంచి ఒకరికి నడిచేది, ఇందులో ఒక్క నొక్కుడుతో రెండు వందల మందికి పోతుంది. పాస్కగూలావాళ్ళు మొదటి మార్చిలో దెబ్బతిన్నది ఇక్కడే.

ఇక పేపరువాళ్ళతో. ఎవరు మాట్లాడాలో ముందే అనుకోండి, ఇద్దరు చాలు. ఒకరు లెక్కలు తెలిసినవాళ్ళు, ఇంకొకరు తన కథ తాను చెప్పగలిగినవాళ్ళు. తెలియనిదాన్ని 'అట' అని చెప్పకండి. వేసుకోవద్దన్న పేరు వేస్తే ఏమవుతుందో విలేకరికి ముందే చెప్పండి, చాలామందికి క్యాంపు సంగతి తెలియదు.

ఈ తప్పు మేమూ చేశాం. కొన్నేళ్ళ కిందట ఒక క్యాంపు నుంచి ఉత్తరం వచ్చింది. నీళ్ళ గురించి. మంచి ఉత్తరం. రాసినాయన పేరు వేయవద్దన్నాడు, వేయలేదు. కానీ ఉత్తరంలో ఆయన ఊరు, రూములో ఎంతమందో, అందులో ఒకరికి ఈమధ్యే కాలు విరిగిందన్న సంగతి ఉన్నాయి. అవి అలాగే అచ్చేశాం. ఆ క్యాంపులో కాలు విరిగినాయన ఉన్న రూము ఒక్కటే. వారానికి ఆయన్ని ఇంకో సైటుకి, ఎడారిలోకి మార్చారు. నీళ్ళ ట్యాంకరు మాత్రం వచ్చింది. ఆయన మాతో మళ్ళీ మాట్లాడలేదు.

అప్పటి నుంచి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఉత్తరం వస్తే అచ్చేసే ముందు రాసినవారికి ఫోను చేసి, వేసే ప్రతి మాటా చదివి వినిపిస్తాం. ఊరు, రూము, పనిముట్టు, జబ్బు, మనిషిని పట్టించే ఏ గుర్తూ వారు సరేనంటే తప్ప ఉండదు. పనివేళల్లో ఫోను చేయం. మీరు ఏ వేళ ఖాళీగా ఉంటారో ఉత్తరం కిందే రాయండి.